వంటింటి గోడమీది నీటిమట్టం

పటాలు గీసే ట్రేసింగు గుడ్డ మీద ఇంకు ఆరేలోగా కందిపప్పు దించి, తిరగమోత వేసి, చేతులు తుడుచుకుని మళ్ళీ బల్ల దగ్గరకు రావడం కమలాదేవికి పదకొండేళ్ళుగా అలవాటైన పని. గంజి పెట్టిన ఆ సన్నని గుడ్డకు తడి తగలకూడదు. నీటిబొట్టు పడితే గంజి కరిగి, దానితో పాటు గీత చెదిరి, రెండు రోజుల శ్రమ మట్టిలో కలుస్తుంది. అందుకే శృంగవరపుకోటలోని ఆ అద్దె ఇంట్లో వంటింటి గుమ్మానికి ఒక పాత తువ్వాలు వేలాడుతూ ఉంటుంది. ఇటునుంచి అటు వెళ్ళేటప్పుడు ఆమె ఇల్లాలు. అటునుంచి ఇటు, చేతులు తుడుచుకుని వచ్చేటప్పుడు ఆమె ఎవరో ఇంతవరకు ఎవరూ పేరు పెట్టలేదు.

భర్త నగరేశ్వరరావు రోడ్లూ వంతెనలూ కట్టే ప్రభుత్వ శాఖలో జూనియర్ ఇంజనీరు. ఎండలో తిరిగి కొలతలు తెచ్చేది అతను. ఆ కొలతలను బట్టి వరద ఎంత వస్తుందో, వంతెన కింద నీరు పోయే ఖానాలు ఎన్ని ఉండాలో లెక్క కట్టి పటం గీసేది విజయనగరంలో బి.ఎస్సీ. లెక్కలు చదివిన ఆమె. పెళ్ళయిన కొత్తలో "కాస్త సరిచూసి పెట్టు" అన్న మాటతో మొదలైన పని, క్రమంగా "ఇంకా కాలేదా?" అన్నదాకా వచ్చింది. అయినా ఆమెకు అందులో దిగులు లేదు. స్లైడ్‌రూలు జరిపేటప్పుడు అంకెకు అంకె ఎదురు వచ్చి నిలిచే ఆ క్షణంలో ఉన్న సుఖం ఆమెకు పట్టుచీరలోనూ దొరకలేదు, పేరంటంలోనూ దొరకలేదు. "మా కోడలు పప్పు రుబ్బుతూ వంతెన కట్టీగలదు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అది మెప్పుదలో ఎత్తిపొడుపో పదకొండేళ్ళయినా తేలలేదు. ఒకసారి పై అధికారి కాశీవిశ్వనాథంగారు భోజనానికి వచ్చి, పటం చేతిలోకి తీసుకుని, "మీ ఆవిడ చేతిరాత ముత్యాలేనయ్యా" అన్నారు. ముత్యాల వెనకనున్న లెక్క ఎవరిదని ఆయన అడగలేదు, భర్త చెప్పలేదు. ఆమె ఆయనకు మరికాస్త పులుసు వడ్డించింది.

అరవై ఎనిమిది మే నెలలో తామరవలస దగ్గర వాగు మీద, అక్కడివాళ్ళ మాటలో గెడ్డ మీద, కట్టబోయే కల్వర్టు పటం ఆమె బల్లమీదకు వచ్చింది. ఊరికీ గెడ్డకూ నడుమ ఎత్తయిన గట్టు పోసి రోడ్డు వేస్తారు. ఊళ్ళో పడిన వాన ఆ గట్టుకింద ఖానాలలోంచే గెడ్డలోకి పోవాలి. గెడ్డ పొంగి ఊరిమీదకు వచ్చినా, తిరిగి పోవలసిన దారి అదే. నగరేశ్వరరావు ఊరివాళ్ళను అడిగి, వెనకటి పెద్ద వరద ఊరి చివర పాతిన రాతి మెడదాకా వచ్చిందని రాసుకువచ్చాడు. ఆ లెక్కకు మూడు ఖానాలు సరిపోయాయి. పటం సోమవారం పొద్దున్న కాశీవిశ్వనాథంగారికి చేరాలి. భర్త క్యాంపులో ఉన్నాడు.

శుక్రవారం గది ఊడుస్తూ పనిమనిషి అసిరమ్మ బల్లదగ్గర ఆగింది. తామరవలస ఆమె పుట్టినూరు. కమలాదేవి సరదాగా, ఇది మీ గెడ్డ, ఇది మీ రాయి, నీరు ఇంతవరకు వస్తుంది అని గీత చూపించింది. అసిరమ్మ చీపురు గోడకు ఆనించి నవ్వింది.

"అది మగోళ్ళు సూసిన నీరమ్మా."

"అంటే?"

"గెడ్డ పొంగిన్రోజున మా మగోళ్ళందరూ ఎడ్లు తోలుకుని కోట సంతకొచ్చీసినారు. గెడ్డ దాటి రాలేక మూడోనాటికి గానీ ఊళ్ళో పడనేదు. ఆలొచ్చీసరికి నీరు తీసీసి రాయి మెడకాడ ఉన్నాది. మేం సంటిపిల్లల్ని అటకెక్కించి, పొయ్యి మునిగి, గూడు మునిగి, పీకల్దాకా నీట్లో నిలబడ్డాం. నీరెక్కిన కాడ గోడకి పసుపు బొట్లెట్టినాం. ఏటేటా అలికినప్పుడల్లా మళ్ళా దిద్దుతాం, ఈ బొట్టు దాటి రాకే తల్లీ అని."

"మరి మా ఆయన వచ్చి అడిగినప్పుడు చెప్పలేదేం?"

"ఎవులడిగినారమ్మా మమ్మల్ని? మా మావ కాడ అంటే, బెదిరిన కళ్ళకి మోకాటి నీరు మునగనీరే అన్నాడు."

మర్నాడు పొద్దున్న వంట ముగించి, మజ్జిగ అత్తగారికి అందేచోట పెట్టి, కమలాదేవి అసిరమ్మతో బస్సెక్కింది. పురికొస, టేపు, భర్త పెట్టెలోని రసమట్టం సంచిలో వేసుకుంది. ఊరి చివర రాయికి పది బారల దూరంలో అసిరమ్మ అక్కగారిల్లు. రాతి మెడనుంచి వంటింటి గోడదాకా పురికొస లాగి, మధ్యలో రసమట్టం పట్టి, నీటిబుడగ నడిమికి వచ్చి నిలిచేదాకా ఊపిరి బిగబట్టింది. బొట్లు ఆ పురికొసకు మూడడుగుల నాలుగంగుళాలు పైనున్నాయి. మరో నాలుగిళ్ళ వంటిళ్ళలో కొలిచింది. అన్నింటా అదే ఎత్తు, అంగుళం అటూ ఇటూ. ఐదుగురు ఆడవాళ్ళు ఏ పరికరమూ లేకుండా ఇన్నేళ్ళు ఇంత ఖచ్చితంగా ఒక మట్టాన్ని నిలబెట్టుకు వచ్చారు. ఆ ఐదు కొలతలూ ఆమె ఒకదానికింద ఒకటి రాసుకుంది.

తిరుగు బస్సులో లెక్క మళ్ళీ కట్టింది. మూడు ఖానాలు చాలవు, ఐదు కావాలి. మూడే పెడితే కొత్త రోడ్డుగట్టు నీటిని వెనక్కి నిలబెడుతుంది. ఆ బొట్లు దాటి వస్తుంది. అప్పుడామెకు తన చేత్తోనే పటం అడుగున రాసిన వాక్యం జ్ఞాపకం వచ్చింది: గ్రామస్థులను విచారించి గరిష్ఠ వరదమట్టము నిర్ధారించడమైనది. దానికింద భర్త సంతకం చేస్తాడు. అతడు పైసా లంచం ముట్టడు. ఆ సంగతి జిల్లా అంతటికీ తెలుసు, ఇంట్లో రోజూ తెలుస్తుంది. అయితే ముట్టని చెయ్యి ఒక్కటే చాలదు, అడగవలసినవారిని అడిగిన నోరు కూడా కావాలి. గ్రామస్థులు అన్న మాట రాసేటప్పుడు సగం ఊరు ఆ మాటలో లేదని అతనికి తట్టలేదు. అతని సంగతి అలా ఉండగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తూ తనకు మాత్రం ఎందుకు తట్టలేదు? పదకొండేళ్ళలో ఇలాంటి వాక్యాలు ఎన్ని రాసిందో లెక్కపెట్టబోయి, భయమేసి మానేసింది.

ఆదివారం పొద్దున్న నగరేశ్వరరావు వచ్చాడు. కాఫీ ఇచ్చి అంతా చెప్పింది. అతను కోప్పడలేదు, నవ్వాడు. మూడు ఖానాలకు విశ్వనాథంగారు ఇదివరకే సరేనన్నారనీ, పని వానలకు ముందే మొదలుకావాలనీ నెమ్మదిగా బోధపరిచాడు. చివరకు అన్నాడు: "వంటింటి గోడమీద బొట్లు చూసి కల్వర్టు కట్టానంటే ఆఫీసులో నన్ను బతకనిస్తారా కమలా? నువ్వు పటం పూర్తిచెయ్యి. లెక్క సంగతి నేను చూసుకుంటాను."

లెక్క సంగతి నేను చూసుకుంటాను. లెక్క ఇన్నాళ్ళూ ఎవరు చూసుకున్నారో అతనికి నిజంగానే మరుపు వచ్చింది. ఆ మాట ఆమెను నొప్పించలేదు, మనసులోని బరువు దించింది. అతను క్షవరానికని వెళ్ళాక ఆమె గంగాళంలో నీళ్ళు మరిగించింది. పూర్తికావచ్చిన పటాన్ని బల్లమీదనుంచి తీసి, నాలుగు మడతలు పెట్టి, గుమ్మం దగ్గర తువ్వాలు వైపు చూడకుండా దాటి, నీళ్ళలో ముంచింది. మూడు ఖానాలూ, రాయీ, ముత్యాల్లాంటి ఆ వాక్యమూ నల్లగా కరిగి పైకి తేలాయి. గంజి వదిలిన గుడ్డ పసిపిల్లల చొక్కాలకు పనికివచ్చేంత మెత్తగా వచ్చింది. పెరట్లో తాడుమీద ఆరవేసింది.

అతను తిరిగివచ్చి తాడుమీది తెల్లగుడ్డ చూసి నిలబడిపోయాడు.

"అదేటి?" అన్నాడు, పుట్టినూరి భాష తన్నుకువచ్చి.

"మగవాళ్ళు చూసిన నీరు. వదిలిపోయింది."

అతను ఆ గుడ్డ అంచు వేళ్ళతో తడిమి చూశాడు. తరవాత లోపలికి వచ్చి ఆమె కొత్త లెక్కల కాగితం చదివాడు, మొదటిసారి చివరిదాకా. ఒకచోట వేలుపెట్టి అడిగాడు. ఆమె చెప్పింది. మళ్ళీ చదివి, విశ్వనాథంగారికి ఇంకో మూడు రోజులు గడువు కావాలని చీటీ రాశాడు. కారణం అన్నచోట కలం ఆగింది. చివరకు, విచారణ పూర్తికాలేదు, అని రాశాడు.

"రేపు మొదటి బస్సుకు వెళ్తాను. ఆ ఇళ్ళవాళ్ళు నన్ను వంటింట్లోకి రానిస్తారా?"

"చెప్పులు విడిచి, అడిగితే రానిస్తారు."

కమలాదేవి కొత్త ట్రేసింగు గుడ్డ పరిచింది. ఒక్క గీతయినా గీయకముందే, అడుగున కుడిమూల, ఎప్పుడూ భర్త పొడి అక్షరాలుండే చోట, లెక్క కట్టినవారు అని రాసి, దానికి ఎదురుగా తన పూర్తి పేరు పెట్టింది. లోపల గిన్నెమీద మూత ఎగిరెగిరి పడుతోంది. ఆమె కలం కింద పెట్టలేదు.

"ఇంకు ఆరుతోందండీ. పప్పు మీరు దించండి."