మట్టి ముల్లంగి

పరదేశం నుంచి వచ్చిన మారిట్ జపాన్‌లోని కనజావాలో కాపురం పెట్టి మూడేళ్లయింది. పక్కింటి పెద్దావిడ కువబారా అక్కడి ఆనవాయితీ ప్రకారం ఏటా రెండుసార్లు కానుకగా సబ్బుపొడి పెట్టె తెచ్చేది. దానికి మూడు పొరల రంగు కాగితం. "ఎందుకూ పనికిరానిదండీ, ఏమనుకోకండి" అంటూ వంగేది. మారిట్ కూడా ఏదో ఒకటి చుట్టి, వంగి, బదులిచ్చేది. ఇద్దరికీ నడుం నొప్పి వచ్చిందే తప్ప చనువు మాత్రం రాలేదు.

ఇవాళ పొద్దున్నే ఆవిడ తలుపు బాదింది. చేతిలో ఆకులతో సహా పీకిన ముల్లంగి, మట్టి రాలుతోంది.

"మా పెరటిదే మారిట్, భలే రుచి! పులుసులో వేసుకో. బదులు గిదులు తెచ్చావంటే ఊరుకోను!"

ఆవిడ వెళ్లగానే మారిట్ భర్త ఎయిరిక్ మొహం చిట్లించాడు. "చుట్టడానికి కాగితమే కరువైందా? మనమంటే అంత లోకువా?"

గెలిచిన కప్పులా ముల్లంగిని పైకెత్తింది మారిట్.

"నోర్మూసుకో! ఆ కాగితం ఊడడానికి మూడేళ్లు పట్టింది!"