రెండు కంచెల మధ్య ఎర్రావు

తెల్లవారేసరికి ఆ ఎర్రావు పశు పరిశోధన కేంద్రం చుట్టూ ఉన్న రెండు కంచెల మధ్య నిలబడి ఉంది. బయటి కంచెను ఎక్కడ తోసుకుని వచ్చిందో ఏమో, లోపలి కంచెకు మూతి ఆనించి ఒకటే అరుపు. అక్కడి శాస్త్రవేత్త త్షెనొలో దాన్ని చూడగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టకపోయినా బాగుండేది అనుకుంది కూడా.

ఆ పరిశోధన కేంద్రంలో ఎర్ర త్స్వానా ఆవుల సంతతి ఆమె పెంచిందే. ఎండకు ఓర్చేవి, సాయం లేకుండా ఈనేవి, కండ పట్టేవి ఏరి ఏరి కలిపింది. వాటిలో ఒక పెయ్య ఊరి మేతతో ఎలా నెగ్గుకొస్తుందో చూద్దామని, పైవాళ్ళను ఒప్పించి, కంచె అవతల ఉన్న మేనమామ మొత్లబానెకు మఫీసా కింద అప్పగించింది. అంటే సాకుడు ఆయనది, పాలు ఆయనవి, ఆవు మాత్రం కేంద్రానిదే. పోయిన వారం అవతలి ఊళ్ళలో పశువు నుంచి పశువుకు అంటుకునే గాలికుంటు రోగం బయటపడింది. అటు పశువు ఇటు రాకూడదని, రోగం సోకిన మందను మొత్తం కాల్చెయ్యాలని హుకుం. హుకుం సంగతి ఆవుకు ఎవరు చెప్తారు? పుట్టిన దొడ్డి గుర్తొచ్చింది, వచ్చేసింది.

ఆమె మామకు ఫోన్ చేసింది.

"మామయ్యా, ఎర్రావు ఇక్కడుంది."

"హమ్మయ్య! రాత్రంతా వెతుకుతున్నాం. పుట్టింటికి చేరిందన్నమాట. గేటు తీసి లోపలికి తోలెయ్, ఎవడు చూడొచ్చాడు?"

"చొంగ కారుస్తోంది. ముందుకాలు ఆనించలేకపోతోంది."



"ముల్లు గుచ్చుకుని ఉంటుంది."

"మామయ్యా..."

"ముల్లే అంటున్నాగా! అంత చదివావు, ముల్లని చెప్పడానికి నోరు రాదా?"

ఫోన్ పెట్టేసి కంచె దగ్గరికి వెళ్ళింది. ఆవు నాలుక మీద బొబ్బ చితికి ఎర్రగా కనిపిస్తోంది. ముల్లు కాదు, గాలికుంటే. ఈ మాట పైకి చెబితే మామ దొడ్డిలో ఒక్క పశువును కూడా మిగల్చరు. చెప్పకపోతే లోపలి మంద మొత్తం పోతుంది. ఎటు కదిలినా ఎవరో ఒకరి గొంతు మీద కాలు వెయ్యాల్సిందే.

"అమ్మా, దీని అరుపు విని లోపలి మందలోంచి తల్లి ఆవు ఇటే వస్తోంది," కాపరుల పెద్ద ఒబుసెంగ్ కేకేశాడు. "ఎంతసేపని ఆపను? మూతీ మూతీ ఆనించుకున్నాయంటే అయిపోయినట్టే!"

త్షెనొలో పశువైద్యాధికారులకు ఫోన్ చేసింది. చేస్తున్నంతసేపూ తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నానికి తుపాకులతో మనుషులు వచ్చారు. ఎర్రావును కంచెల మధ్య నుంచి బయటికి తోలాలని కర్రలూపుతూ అరిచారు. అది బెదిరి కుంటుతూనే అటూ ఇటూ పరిగెత్తింది, ముళ్ళతీగ మీద పడి రొమ్ము చీరుకుంది. పశువును అదిలించకూడదని, భయపెట్టకూడదని ఊరూరా తిరిగి పాఠాలు చెప్పింది తనేనాయె. చూడలేకపోయింది.

"తప్పుకోండి, నేను పిలుస్తాను," అంది.

చిన్నప్పుడు మామ నేర్పిన పిలుపు అది. ముందు సన్నగా ఈల, ఆ వెనక సాగదీసిన రాగం. ఆవు చెవులు నిక్కాయి. అది నిమ్మళంగా ఆమె వెంట నడిచింది, వచ్చినవాళ్ళు బయట తవ్వి ఉంచిన గొయ్యి దాకా. అక్కడ ఆమె చెయ్యి వాసన చూసింది. తుపాకీ పేలేదాకా త్షెనొలో చెయ్యి తియ్యలేదు.

పొద్దు వాలుతుండగా మొత్లబానె నడిచొచ్చి బయటి కంచె అవతలే ఆగాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"రేపు మా దొడ్డికొస్తారంట."

"తెలుసు మామయ్యా."

"నీ మొహం చూడకూడదనే అనుకున్నా." ఆయన తీగ పట్టుకోబోయి ఆగాడు. "ఆ తుపాకులోళ్ళని చూస్తే మావి బెదిరిపోతాయి. తీగల మీద పడి చీరుకుంటాయి. నే పిలుద్దామంటే గొంతు పెగలదు. నువ్వొచ్చి పిలువు."

"నావల్ల కాదు మామయ్యా."

"నావల్ల అవుద్దంటావా?"

ఆమె వస్తానని తలూపింది. ఆయన అక్కడే నిలబడి, ఏ ఆవును ఏ పేరుతో పిలవాలో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు.