తరగతి మారిన గోధుమ

లారీ వెనక తలుపు సందులోంచి గింజ కారకుండా ఓరెస్ట్ పాత గోనెగుడ్డ కుక్కుతున్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. ఎడమ చూపుడువేలు సగమే ఉంది. మిగతా సగాన్ని ఎప్పుడో ధాన్యం ఎత్తే మర తినేసింది. నవంబరు గాలికి చెవులు ఎర్రబడ్డాయి. టోపీ కిందికి లాక్కుని లారీ ఎక్కాడు. పక్క సీటు మీద రై రొట్టె, వెల్లుల్లి సాసేజి ముక్క, దోసకాయ ఊరగాయ. ధాన్యం కొనే గోదాము నలభై కిలోమీటర్ల దూరం.

ఇరవై రెండేళ్లుగా అతను వేసేది ఒకటే విత్తనం, బెల్‌మాంట్. ప్రతి ఏడూ కోతల్లో మంచి గింజ తీసి దాచుకుని, మళ్లీ అదే వేస్తాడు. గోధుమల ధర తేల్చే తరగతులు మారుస్తున్నారని రేడియోలో విన్నాడు. అదేదో కొత్త కంపెనీ విత్తనాల గొడవ అనుకున్నాడు. తనది ఎర్ర తరగతి, మంచి ధర పలికే రొట్టెల గోధుమ. అడక్కుండా మన ఇంటిపేరు మార్చేస్తారని ఎవరైనా అనుకుంటారా?

అసలు ఈ ఏడుతో వ్యవసాయం మానేద్దామనే ఉంది. పక్క పొలం వాల్టర్ కౌలుకిమ్మని రెండేళ్లుగా వెంటపడుతున్నాడు. "గోధుమ ఎర్ర తరగతిలో అమ్ముడుపోతేనే వసంతానికి విత్తుతా. లేదంటే నువ్వే దున్నుకో" అని నిన్ననే అతనితో పందెం కాసినట్టు చెప్పాడు. కింది తరగతి ధరకి డీజిలు ఖర్చు కూడా రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గోదాము దగ్గర సరుకు పరీక్షించే కెండ్రా పొడవాటి గొట్టం లారీలో గుచ్చి గింజ తీసింది. పల్లెంలో పోసి, జల్లించి, వేళ్లతో కదిపి చూసింది. రైతుబిడ్డే, వాళ్ల నాన్న కూడా ఒకప్పుడు ఇదే వరసలో నిలబడ్డవాడు.

"గింజ బ్రహ్మాండంగా ఉంది పెద్దాయనా. తేమ లేదు, బూజు లేదు. ఏం విత్తనం?"

"బెల్‌మాంటే. మీ నాన్నకి మొదట ఇచ్చింది నేనే కదమ్మా."

కెండ్రా పల్లెం కింద పెట్టేసింది.

"ఆగస్టు నుంచి అది ఎర్ర తరగతిలో లేదు. కిందికి దించేశారు. రొట్టె పొంగడానికి పిండిలో జిగురు చాలట్లేదంట."

"జిగురా?"

ఓరెస్ట్ గుప్పెడు గింజలు నోట్లో పోసుకున్నాడు. వెనక నాలుగు లారీలు ఆగి ఉన్నాయి. అతను తాపీగా నమిలాడు. పిండి మింగుతూ, పొట్టు ఉమ్మేస్తూ, మిగిలింది బంకయ్యేదాకా నమిలాడు. దాన్ని బయటికి తీసి రెండు చేతులతో సాగదీశాడు. అతని తాత గోధుమను పరీక్షించిన పద్ధతి అదే.

"తెగిందా?" అని ఆమెకి చూపించాడు.

"తెగలేదు."

"మరి?"

"జిగురు కొలిచే మిషను మీ నోటిమాట వినదు కదా పెద్దాయనా."

"ఆ మిషను ఎప్పుడైనా రొట్టె తిందా?"

వెనక లారీవాడు హారన్ కొట్టాడు. "ఏం మామా, అక్కడే కాపురం పెట్టావా?"

కెండ్రా కాగితం అందించింది. "తరగతి రాసి సంతకం పెట్టండి. ఎర్ర తరగతని మాత్రం రాయకండి. తర్వాత తేలిందంటే గోదాములో సరుకంతా చెడగొట్టారని నష్టం మొత్తం మీ మెడకే చుడతారు."

"అదే పొలం, అదే విత్తనం. పోయినేడు ఎరుపు. ఈ ఏడు దానికేం రోగమొచ్చిందమ్మా?"

ఆమె కాగితం మీద తరగతి గడి వేలితో చూపించింది. చెప్పాల్సిన వాళ్లు, ఆ తరగతుల జాబితా అచ్చేసిన వాళ్లు, ఈ దుమ్ములోకి ఎందుకొస్తారు!

ఓరెస్ట్ లారీని ఆవరణ చివర కంచె పక్కన ఆపాడు. రొట్టె పొట్లం విప్పాడు గానీ తినబుద్ధి కాలేదు. ఏడుపొచ్చింది. ముసలాడి ఏడుపు చూసేవాళ్లు లేరు కనుక తుడుచుకోలేదు కూడా. కంచె అవతల కోసేసిన చేను పచ్చగడ్డి పరక కూడా లేకుండా పడి ఉంది. వసంతంలో తన చేలో వాల్టర్ ట్రాక్టరు తిరుగుతుంటే తను కిటికీ దగ్గర కూర్చుని చూడాలి. పొద్దున లేచి ఏం చెయ్యాలో అతనికి తెలీదు. ఇంకో పని ఎప్పుడూ నేర్చుకోలేదు. చాలాసేపయ్యాక జేబులోంచి కలం తీశాడు.

మధ్యాహ్నం వరస ఖాళీ అయ్యాక కెండ్రా చూసింది. లారీ ఇంకా అక్కడే ఉంది, ఇంజను ఆడుతూనే ఉంది. వెళ్లి అద్దం తట్టింది. అతను కిటికీకి తల ఆనించి ఉన్నాడు. అవతలి తలుపు తీసి భుజం కుదిపింది. ఊపిరి లేదు, ఒళ్లు చల్లబడింది. ఆమె ఇంజను ఆపి, అతని టోపీ సరిచేసి, అక్కడే మెట్టు మీద కూలబడింది.

స్టీరింగు మీద కాగితం ఉంది. సంతకం లేదు. తరగతి అన్న గడిలో పెద్ద పెద్ద వంకర అక్షరాలతో ఒకే మాట రాసి ఉంది: గోధుమ.