కోర్టు చుట్టూ మూడు చుట్లు

శుక్రవారం పొద్దున బడి బస్సు కిందికి వెల్లకిలా దూరి ఆర్విడ్ లిండ్ ఇరుసుకు గ్రీజు పెడుతున్నాడు. జిమ్ములో పిల్లలంతా బల్లలెక్కి అరుస్తున్నారు. ఆ అరుపులు గోడలు దాటి, ఆయన వీపు కింది సిమెంటు నేలలోకి కూడా దిగుతున్నాయి. మ్యాచ్ ఉన్న ప్రతి శుక్రవారం ఇదే తంతు. బ్యాండు మోగుతుంది, అమ్మాయిలు రంగు కాగితాల పువ్వులు ఊపుతారు, కోచ్ ప్రెల్ మైకు పట్టుకుని ఈసారి మనదే అంటాడు. ఈ ఏడు ఆయన ఆ మాట అన్నప్పుడల్లా ఓడిపోయారు. అయినా పిల్లలు గొంతులు చించుకోవడం మానలేదు. ఆర్విడ్‌కి అది ముచ్చటగానే ఉంటుంది.

అరవై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. స్టీరింగు మీదికి వంగి వంగి భుజాలు ముందుకు ఒంగిపోయాయి. వేళ్ల సందుల్లో నలుపు ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు కూడా వదలదు. ఊళ్లో సగం మందిని బడికి మోసింది ఆయనే, వాళ్లు యుద్ధానికి వెళ్తుంటే రైలు దగ్గర దింపిందీ ఆయనే. అయినా ఆయన గురించి చెప్పమంటే, "బస్సు ఆర్విడ్ కదూ, మంచివాడు" అని ఊరుకుంటారు. అంతకు మించి చెప్పడానికి ఏముంటుందనుకుంటారు.

మా హార్లన్ హైస్కూలుకి ఒక ఆనవాయితీ ఉండేది. పొరుగూరు వెళ్లి ఫుట్‌బాల్, అదే బంతి చేత పట్టుకుని పరిగెత్తే మా అమెరికా ఆట, గెలిచొస్తే, బస్సు హారన్ ఆపకుండా కొడుతూ కోర్టు భవనం చుట్టూ మూడు చుట్లు తిరగాలి. ఓడిపోతే ధాన్యం గోదాముల వెనక రోడ్డున నోరు మూసుకుని వచ్చి బడి దగ్గర ఆగాలి. ఎవరు పెట్టారో తెలీదు గాని, తప్పినవాడు లేడు.

కోర్టుకి ఎదురుగా, చెప్పుల దుకాణం పై వాటాలో ఆర్విడ్ కాపురం. హారన్ వినబడగానే ఆయన భార్య సెల్మా కిటికీ అద్దం పైకెత్తి, సగం ఒళ్లు బయటికి పెట్టి, చేతికందిన గుడ్డ ఊపుతూ ఆటగాళ్లని పేరుపేరునా పిలిచేది. వాళ్లకి పిల్లల్లేరు. ఆ మూడు చుట్లసేపు బస్సెడు పిల్లలూ ఆమె పిల్లలే. ఓసారి ఇంకేమీ దొరక్క ఆర్విడ్ చలికాలపు లోపలి లాగు ఊపింది. ఆ ఏడంతా బస్సెక్కిన ప్రతివాడూ ఆయన్ని చూసి ముసిముసిగా నవ్వాడు.

వేసవి నుంచి సెల్మా మంచం దిగలేదు. గుండె అన్నాడు డాక్టరు. మంచు పడేదాకా ఉంటే గొప్పే అన్నాడు. ఇవాళ్టిది ఈ ఏటికి ఆఖరు మ్యాచ్. ఒక్కసారి ఆమె చెవిన హారన్ పడితే చాలు. దేవుణ్ణి ఏదీ అడిగే అలవాటు లేని ఆర్విడ్, పొద్దున గడ్డం గీసుకుంటూ అది అడిగాడు.

మధ్యాహ్నం ఇంటికెళ్లి ఆమెకు బంగాళాదుంప సూపు తాగించాడు.

"ఇవాళ వినిపిస్తావా హారన్?" అంది సెల్మా.

"ఆ కుర్రకుంకలకి బంతి ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు."

"నా పిల్లల్ని ఏమన్నా అన్నావంటే చూడు. మూడు చుట్లూ తిప్పు. రెండింటికే పెట్రోలు అయిపోయిందనకు."

పొరుగూరు మిల్డన్‌లో మ్యాచ్ ఆఖరిదాకా ఊరించింది. ఎప్పుడూ బస్సులో పేపరు చదువుకునే ఆర్విడ్ ఆ రోజు మైదానం గీత దాకా వెళ్లి టోపీ నలుపుతూ నిలబడ్డాడు. తీరా గెలుపు దగ్గరికొచ్చాక కెప్టెన్ డ్వేన్ కెస్లర్ చేతిలోంచి బంతి జారిపోయింది. అంతే, అయిపోయింది.

బస్సులో చడీచప్పుడు లేదు. ఓడిన రోజున టోపీలు తీసి ఒళ్లో పెట్టుకోవాలి, అదీ ఆనవాయితీయే. వెనక సీట్లు సీనియర్ల హక్కు. డ్వేన్ మాత్రం అక్కడికి పోకుండా ఆర్విడ్ వెనకే కూలబడి ముక్కు ఎగబీలుస్తున్నాడు.

పొద్దు గుంకుతుండగా గోదాముల మలుపు వచ్చింది. ఆర్విడ్ స్టీరింగు తిప్పలేదు.

"లిండ్ గారూ, మలుపు దాటేశారు," అన్నాడు డ్వేన్.

"తెలుసు."

"మనం ఓడిపోయామండీ."

"తెలుసురా. నేనూ అక్కడే ఏడ్చాగా."

కోచ్ ప్రెల్ లేచి వచ్చాడు. "ఆర్విడ్ గారూ, ఊరంతా నవ్వుతుంది. ఇది తప్పండీ."

"తప్పే," అన్నాడు ఆర్విడ్. "సెల్మా ఎదురుచూస్తోంది."

ప్రెల్ వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. డ్వేన్ ముఖం తుడుచుకుని టోపీ పెట్టుకున్నాడు. కిటికీ అద్దం దించి వెనక్కి తిరిగాడు.

"అరవండ్రా," అన్నాడు.

అరిచారు. ఆర్విడ్ అరచెయ్యి హారన్ మీద అదిమి పట్టి కోర్టు చుట్టూ తిప్పాడు. మంగలి షాపులోంచి సగం గడ్డం నురగతోనే ఒకాయన బయటికొచ్చి, ఎంతకి గెలిచారని కేకేశాడు. పిల్లలు చేతులూపారే గాని జవాబు చెప్పలేదు. రెండో చుట్టులో పైవాటా కిటికీ లేచింది. సెల్మాయే. చేతిలో గుడ్డ లేదు, ఉత్త చెయ్యే ఊపుతోంది. "ఒరే డ్వేన్, టోపీ సరిగ్గా పెట్టుకోరా," అంది, ఉన్న గొంతంతా పెట్టి. మూడో చుట్టుకు ఆర్విడ్‌కి రోడ్డు మసగ్గా కనపడింది.

ఇంటికెళ్లేసరికి ఆమె కిటికీ దగ్గర కుర్చీలో ఆయాసపడుతోంది. పక్కింటి ఆగ్డా ఆమె భుజం పట్టుకుని నిలబడి ఉంది. ఆర్విడ్ సెల్మాను ఎత్తి మంచం మీద పడుకోబెట్టాడు.

"ఎంతకి గెలిచారేం?" అంది సెల్మా.

"ఏదో, కాస్తలో."

"ఎవడు గెలిపించాడు?"

"డ్వేన్. ఆఖర్న బంతి గట్టిగా పట్టుకున్నాడు."

అబద్ధమాడటం చేతకాని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. సెల్మా ఆ చెవుల్నే చూస్తూ మ్యాచ్ మొత్తం చెప్పించుకుంది. వాడేం చేశాడు, వీడేం చేశాడని అడిగి అడిగి, నవ్వుకుంటూ నిద్రపోయింది.

ఆదివారం చర్చి గంటలు కొట్టే వేళకి సెల్మా లేదు. నిద్రలోనే పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్లంతా వెళ్లాక, ఆగ్డా కాఫీ కప్పులు కడుగుతూ చెప్పింది. "శుక్రవారం మీరింకా దారిలో ఉండగానే మందుల షాపుకి మిల్డన్ నుంచి ఫోనొచ్చింది ఆర్విడ్. ఓడిపోయారని నేనే చెప్పాను తనకి. గోడవైపు తిరిగి పడుకుంది. ఇంతలో నీ హారన్."

"అయితే తెలుసా తనకి?"

"తెలియకేం. 'పిచ్చి మాలోకం, ఓడిపోయి కూడా కొడుతున్నాడే నాకోసం' అంది. పట్టుకుంటానంటే నన్ను రానివ్వలేదు. తనే దిగింది, తనే నడిచింది."

ఆర్విడ్ పడకగదిలోకి వెళ్లాడు. రెండు రోజులుగా తను చూడకుండా దాటుకుంటూ తిరుగుతున్నది ఇప్పుడు కనిపించింది. మంచానికీ కిటికీకీ సగం దారిలో, కాలి నుంచి జారిపోయిన సెల్మా ఉన్ని చెప్పు, ఒక్కటే.