పై వాటాకి బోర్డు

నూలు మిల్లులో రెండో షిఫ్టు ఎత్తేశారన్న కబురు తెలిసినప్పటి నుంచి టైలరమ్మకు చేతిలో పని మీద చూపు నిలవడం లేదు. ఒక చొక్కాకు చేతిని తిరగేసి కుట్టి, నాలుక్కరుచుకుని మళ్లీ విప్పింది. పై వాటాలో అద్దెకుండేది ఆ మిల్లు మెకానిక్కే. అతనిచ్చే అద్దెతోనే ఆమె ఇంటి అప్పు వాయిదా కడుతోంది. రెండు నెలలు ఆ వాటా ఖాళీగా ఉంటే ఇల్లు బ్యాంకు పాలే.

సొంతానికి ఒక్క గది కూడా కట్టుకోని ఆమె మరిది, గడ్డురోజుల్లో ఇంటివాళ్లు ఏం చెయ్యాలో గంటసేపు పాఠం చెప్పాడు. ఆ మెకానిక్ చేతులెత్తేసేదాకా ఆగొద్దు, జీతానికి ఢోకా లేనివాళ్లను ఇప్పుడే వెతుక్కో అన్నాడు. పోతూ పోతూ టు-లెట్ బోర్డు కూడా ఇచ్చిపోయాడు మహానుభావుడు.

టైలరమ్మ ఆలోచన వేరు. ఉన్నవాళ్లు మంచివాళ్లు, అద్దె కాస్త తగ్గించైనా నిలుపుకోవాలనుకుంది. కానీ ఉద్యోగం ఉందా, ఊడిందా అని మనిషిని మొహం మీద ఎలా అడగడం? మూడుసార్లు మెట్ల దాకా వెళ్లి, మూడుసార్లూ నీళ్లు వస్తున్నాయా అని అడిగి వెనక్కొచ్చింది.

ఒకరోజు పొద్దున పదకొండైనా మెకానిక్ బండి మెట్ల కిందే ఉంది. ఉద్యోగం ఊడినట్టే అనుకుంది ఆమె. ఇంకేం ఆలోచించకుండా బోర్డు తీసుకెళ్లి గేటుకు కట్టేసింది. అది చూస్తే అతనే వచ్చి అడుగుతాడు, అప్పుడు మాట కలపొచ్చులే అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

సాయంత్రం అతను కిందికి దిగి బోర్డు ముందు ఆగాడు. ఆమె మిషను ఆపింది. అతను దాన్నే కాసేపు చూసి, బండి తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పైనుంచి ఒక్క మాట లేదు. అతని భార్య ఎదురుపడితే తల దించుకుని వెళ్లేది. వాటా చూడ్డానికి వచ్చింది ఇద్దరే. ఒకరు అదే మిల్లులో గుమాస్తా, రెండోవారు సగం అద్దెకు బేరం పెట్టారు. పక్క వీధిలో అప్పటికే ఆరు బోర్డులు వేలాడుతున్నాయట.

ఆదివారం ఆమె తెగించి మెట్లెక్కింది. గిన్నెలన్నీ అట్టపెట్టెల్లోకి చేరిపోయి ఉన్నాయి.

"వేరే పని దొరికేదాకా సగం అద్దే ఇవ్వు బాబూ," అంది ఒక్క గుక్కలో.

"నా ఉద్యోగం ఎక్కడికీ పోలేదక్కా. ఆ రోజు జ్వరమొచ్చి ఇంట్లో ఉన్నాను, అంతే."

అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెను ఎక్కువ కోసింది. బోర్డు చూసి, ఖాళీ చెయ్యమని చెప్పడానికి మొహమాటపడుతున్నారేమో అనుకున్నామని, వేరే ఇంటికి అడ్వాన్సు ఇచ్చేశామని చెప్పాడు. ఆ డబ్బు తానిస్తాను, ఉండిపొమ్మని ఆమె సిగ్గు విడిచి బతిమాలింది.

అతను భార్య వైపు చూశాడు. ఆమె పెట్టెకు తాడు చుడుతూనే ఉంది.

"ఆరేళ్లున్నాం వదినా. ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్లం కదా. ఇప్పుడు మీరు ఉండమన్నా, రోజూ గేటు వైపు చూసుకుంటూ నేనిక్కడ ఉండలేను."

పెట్టె పక్కకు జారుతుంటే తాడు రెండో కొస టైలరమ్మే పట్టుకుంది. ముడి బిగిసేదాకా వదల్లేదు.