టిక్కులన్నీ కొట్టేసిన ఊరు

నేను ఒక పట్టకారును. పొయ్యి మీంచి గిన్నెలు దించే రకం కాదు, అంత బలం నాకెక్కడిది! ముల్లూ, మీసంలో తెల్ల వెంట్రుకా పీకే చిన్న రకం. నగరం చివర ఒక రేకుల షెడ్డులో ఉక్కుముక్కను మడిచి, మొనలు సానబట్టి నన్ను పుట్టించారు. ఏ పెళ్లికూతురి కనుబొమల దగ్గరకో పోతాననుకున్నాను. సర్కారు కొన్నది.

అడవంచు ఊళ్లలో గోమార్లు, అదే రక్తం తాగే పిడుదులు, పశువుల మీంచి మనుషులకెక్కి జ్వరాలు తెస్తున్నాయట. పశువుల శాఖ, ఆరోగ్య శాఖ, పంచాయతీ కలిసికట్టుగా వాటి పని పట్టాలని పైనుంచి ఆజ్ఞ. కలిసికట్టుతనానికి గుర్తుగా మూడింటికీ కలిపి ఒకే పెట్టె, అందులో నేను. జిల్లా నుంచి పెద్దసారు వచ్చి రిబ్బను కత్తిరించేదాకా మూత తీయకూడదన్నారు. అలా నల్లమల పక్కన ఒక పంచాయతీ ఆఫీసు బల్ల మీద, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నాను. పెట్టె మీద ఏం రాసుందో రిబ్బను పువ్వు కప్పేసింది.

ఈలోగా కార్యదర్శి ప్రవీణుకు పెద్దసారు ఫోను: "ఇంటింటికీ తిరిగి టిక్ సంగతి చూడు." గోమారిని ఇంగ్లీషులో టిక్ అంటారని ప్రవీణుకు ఎవరూ చెప్పలేదు. పాపం, సుద్దముక్క పట్టుకుని ఎండలో ఊరంతా తిరిగి, ప్రతి తలుపు మీదా ముచ్చటగా ఒక టిక్ గీసి వచ్చాడు.

"ఎంతవరకొచ్చింది?" మళ్లీ ఫోనులో అడిగాడు పెద్దసారు.

"ఒక్క ఇల్లు ఇడవలే సార్. టిక్కులన్ని కొట్టేసిన."

"అన్నీ కొట్టేశావా? శెభాష్!"

అంతే, మా ఊరు టిక్కులు లేని ఊరైపోయింది. పశువుల డాక్టరు రఘోత్తం, నర్సమ్మ సువార్త అభినందించడానికి వచ్చారు. ముగ్గురూ మిర్చిబజ్జీలు తింటుండగా, మూడేళ్ల బిడ్డను చంకనేసుకుని లింగేశ్వరి దూసుకొచ్చింది.

"సారూ, నా బిడ్డ చెవెనక గోమారి పట్టింది. మా అత్త అగరొత్తితోని కాలుస్తనంటుంది. మీరే తియ్యాలె."

"గోమారా? ఇంకా టిక్కులున్నయా?" అన్నాడు డాక్టరు.

ప్రవీణు మొహం సుద్దకన్నా తెల్లబడింది. "ఊళ్లె లేవని రిపోర్టు పోయిందక్కా," అన్నాడు సన్నగా.

"ఆ ముచ్చట గోమారికి జెప్పు తమ్మీ!"

డాక్టరు బజ్జీ కింద పెట్టాడు. "ఎద్దు మీదుంటే చిటికెల తీస్తుంటినమ్మా. మనిషి మీద చెయ్యేస్తే నా ఉద్యోగం పోతది."

"మనిషైతే నా పనే," అంది సువార్త. "గని గోళ్లతోని గుంజితే దాని తల లోపల్నే ఉంటది. పట్టకారు ఆ పెట్టెలుంది."

"పెద్దసారు రాకుంట రిబ్బను..." నసిగాడు ప్రవీణు.

లింగేశ్వరి నా పెట్టె వైపు చూసింది. నా జన్మలో నన్నెవరూ అంత ఆశగా చూడలేదు. రిబ్బను పళ్లతో కొరికి తెంపేసింది.

"ఎట్ల తియ్యాల్నో చెప్పుండ్రి. మీ ఉద్యోగాలు మీకే ఉంటయి, తీసేది నేనే."

అప్పుడు కలిశాయి మూడు శాఖలూ. డాక్టరు చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే వైద్యం చేశాడు: "తోలుకు ఆనిచ్చి పట్టు. పిండకు, మెలిపెట్టకు. సక్కగ పైకి గుంజు, మెల్లగ." సువార్త బిడ్డ తలను ఒడిలో అదిమిపట్టింది. ప్రవీణు ఫోను లైటు వేశాడు. లింగేశ్వరి నా రెండు కాళ్ల మధ్య గోమారిని బిగించి పైకి గుంజింది. గోమారి వదల్లేదు. నేనూ వదల్లేదు. బిడ్డ కేక పెట్టింది, అది ఊడొచ్చింది.

"తల వచ్చిందా? తల?"

"వచ్చింది తల్లీ, మొత్తం వచ్చింది," అని సువార్త సబ్బుతో గాయం కడిగింది. "కొన్ని వారాలు జరం వస్తదేమో చూస్కో. వస్తే దవాఖానకు ఉరికిరా."

లింగేశ్వరి నన్ను తిరిగివ్వలేదు. ప్రవీణూ అడగలేదు. లేని టిక్కులు పీకే పట్టకారు పోయిందని ఏ మొహంతో చెబుతాడు? ఆమె పుస్తెలతాడుకు పిన్నీసుల పక్కన వేలాడుతూ అన్నీ చూస్తున్నాను. అన్నం కలుపుతూ బిడ్డ నుదురు తడుముతుంది, జడ వేస్తూ తడుముతుంది. వారాలు గడిచినా జ్వరం రాలేదు, ఆ చెయ్యీ ఆగలేదు. బిడ్డకది ఆటైపోయింది. మేక నుదురు పట్టి చూస్తుంది, నాయనమ్మ నుదురు పట్టి చూస్తుంది.

నిన్న ఒడిలో పడుకుని, నా నెత్తిన వేలు ఆనించి చాలాసేపు ఆలోచించింది.

"అమ్మా, దీనికి గూడ జరం లేదే."

లింగేశ్వరి పకపకా నవ్వింది. ఆ గుండెల మీద నేను ఊగిపోయాను.