బెల్లం నీళ్ళ బెంచీ

పోత పోసిన మూడో రోజు పొద్దున అచ్చు విప్పాను. గట్టిపడాల్సిన కాంక్రీటు తడిపిండిలా నేల మీద కుప్పకూలింది. బెంచీ కాలు ఒకటి నా చేతిలోకే ఊడి వచ్చింది.

అది నా తొలి ఆర్డర్. డెంకణికోట దగ్గర ఒక తోట బంగళాకు నాలుగు బెంచీలు. ఇద్దరు ఎత్తగలిగేంత తేలిక, నలుగురు కూర్చున్నా పగలనంత గట్టి. అదీ నేను బంగళా ఓనరు విఘ్నేష్ సార్‌కు ఇచ్చిన మాట. కెలవరపల్లి గులాబీ షెడ్లలో పారేసే పెర్లైట్ తెచ్చి కంకరకు బదులు వాడతాను. బొరుగుల్లాంటి తెల్ల గింజలవి. ఆర్నెల్లు తంటాలు పడి కుదుర్చుకున్న పాళ్ళు, ఒక్కసారీ తప్పలేదు.

సిమెంటు కల్తీ అనుకున్నాను. అంగడి ఆంజప్పకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. యాభై ఏళ్ళు తాపీపని చేసిన మా మామ నాగేశప్ప పక్కనే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఆయప్పనేం అనొద్దు సుగంధమ్మా. కలిపే నీళ్ళల్లో నేనే బెల్లం వేసినాను."

ఫోన్ పక్కన పడేసి ఆయన వైపు తిరిగాను.

"సున్నంతో కట్టే కాలంలో బెల్లమూ కరక్కాయా వేస్తేనే గోడ నిలిచేది. నీ గింజలు చూస్తే భయమేసింది. కూర్చున్నోళ్ళు పడిపోతారేమో అని."

"సిమెంటుకు తీపి విషం మామా! నన్నొక మాట అడిగింటే ఏం పోయె?"

"మూడుసార్లు అడిగితిని. నీకు తెలీదులే మామా, ఊరికే ఉండు అంటివి."

నిజమే, నేను ఆ మాట అన్నాను. అయినా కోపం చల్లారలేదు.

"ఇంకో ఎనిమిది దినాలు ఆగమ్మా, బిగుసుకుంటాది" అన్నాడు.

"నీ చేతిపని చాలు" అన్నాను.

మిగతా మూడు అచ్చులు విప్పకుండానే విఘ్నేష్ సార్‌కు ఫోన్ చేసి, నా వల్ల కాదని చెప్పేశాను.

మామ మాత్రం ఆ అచ్చుల మీద గోనెపట్టాలు కప్పి రోజూ నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు. "చచ్చినదానికి నీళ్ళెందుకు?" అన్నాను ఒకసారి. ఆయన ఇంకో చెంబుడు నీళ్ళు చల్లాడు.

పదకొండో రోజు చోటు ఖాళీ చేద్దామని గడ్డపార పట్టుకుని ఒక అచ్చు విప్పాను. బెంచీ నిలబడింది. ఒక్క పోటు పొడిచాను. గడ్డపార ఎగిరి వెనక్కి వచ్చింది, అరచేతులు జిల్లుమన్నాయి. బెంచీ మీద తెల్లటి గీత పడింది, అంతే. నేను ఇదివరకు చేసినవైతే ఆ పోటుకు మూల రాలిపోయేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు విఘ్నేష్ సార్‌కు మళ్ళీ ఫోన్ చేశాను. బంగళాలో రాతి బెంచీలు నిన్ననే దిగాయన్నాడు. కళ్ళ ముందు గట్టిగా నిలబడ్డ బెంచీని చూస్తూ అక్కడే చతికిలబడ్డాను.

మామ నా వైపు చూడకుండా గోనెపట్టా మడుస్తున్నాడు.

"మామా" అన్నాను. లేచి దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ పిలిచాను.

"మామా, బెల్లం ఎంత వేసినావు?"